కిటికీ పక్క సీటు

పోయిన అక్టోబరులో మా అమ్మాయి ఒక వీడియో పంపింది. అమెరికాలో చదువుకుంటోంది కదా, నాలుగు రోజులు సెలవు దొరికిందని స్నేహితురాళ్ళతో కలిసి న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో ఒక కొండ రైలు ఎక్కిందట. నార్త్ కాన్వే అనే ఊళ్ళో బయలుదేరి, క్రాఫర్డ్ నాచ్ అనే కనుమ దాకా వెళ్ళి వచ్చే బండి అది. ఏడాది పొడుగునా కాదు, ఆకులు రంగు మారే ఆ కొద్ది వారాల్లో దానికి గిరాకీ ఎక్కువట. ఒక పెట్టెకి పైకప్పు కూడా అద్దమే. బయట కొండలన్నీ పసుపు, కాషాయం, కుంకుమ రంగుల్లో ఉన్నాయి. ఎవరో కొండ మీద ముగ్గు వేసి రంగులు నింపినట్టుంది.

ఆ వీడియోని నేను మూడుసార్లు చూసి మా అత్తయ్యకి ఇచ్చాను. ఆవిడకి ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండో కంటికి ఇంకా చేయించాలి. ఫోను ముక్కుకి ఆనించుకుని చూశారు.

"ఎంతంట టికెట్టు?"

నేను డాలర్లని రూపాయల్లోకి మార్చి చెప్పాను.

"ఆకులు రాలేది చూడటానికా? అన్ని డబ్బులు పోసి?" అని ఫోను నా చేతిలో పెట్టి, కాసేపాగి అన్నారు. "డోర్నకల్‌లో మన కొత్తగూడెం బండి ఎక్కమను. శివరాత్రి వెళ్ళాక ఎక్కాలి. మోదుగులు చూస్తే ఇవేం గుర్తుంటాయి!"

అప్పుడు నేను నవ్వి ఊరుకున్నాను. వంటింట్లోకి వెళ్ళాక మాత్రం మనసులో ఏదో గుచ్చుకుంది. ఎందుకో తర్వాత చెప్తాను.

మా అమ్మాయి ఆ వీడియో కింద 'ఆటమ్' అని రాసింది. మావారు దాన్ని ఫ్యామిలీ గ్రూపులో పెడుతూ 'శరదృతువు' అని తెలుగు చేశారు. బి.ఏ.లో తెలుగు చదువుకున్న ప్రాణం కదా, ఊరుకోలేకపోయాను. మన శరత్తు ఆశ్వయుజ, కార్తీకాలు. వానలు వెళ్ళి, చెరువులు నిండి, వరి పాలు పోసుకుని, అడవి ఒత్తుగా పచ్చగా ఉండే కాలం. అప్పుడు మన చెట్టు ఆకు రాల్చదు. మనకి ఆకు రాలే కాలం శిశిరం, అంటే మాఘ, ఫాల్గుణాలు. నెలల లెక్కలో అక్కడి ఆటమ్ మన శరత్తే. ఆకుల లెక్కలో మాత్రం మన శిశిరం. "నీ ఆటమ్ మాకు హోలీ ముందు వస్తుంది" అని దానికి మెసేజ్ పెట్టాను. నవ్వుతున్న బొమ్మ పంపింది. అక్కడికి ఆ మాట అయిపోయిందనుకున్నాను.

అత్తయ్యకి అయిపోలేదు. సంక్రాంతి వెళ్ళగానే మొదలుపెట్టారు. "ఈసారి హోలీ పున్నమికి భద్రాచలం పోదాం. ఆ రోజు రాములవారి కల్యాణానికి పసుపు దంచి తలంబ్రాలు కలుపుతారు. నా చెయ్యి కూడా పెట్టాలి." మావారు సరేనన్నారు. పొద్దున్నే కారులో బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి అక్కడ ఉంటాం అన్నారు. అత్తయ్య వినలేదు. రైల్లోనే పోవాలట.

"అమ్మా, రైలు భద్రాచలం పోదే. కొత్తగూడెంలో దింపుతుంది. అక్కడి నుంచి నలభై కిలోమీటర్లు మళ్ళీ బస్సు."

"ముప్పై ఏళ్ళు కొత్తగూడెంలో ఉన్నదాన్ని, నాకు తెలీదా?" అన్నారు ఆవిడ. "కారులో వెనక కూర్చుంటే నాకేం కనపడదు."

ఆ చివరి మాట మావారు పట్టించుకోలేదు. నేను విన్నాను కానీ, అప్పుడు నేనూ పట్టించుకోలేదు.

చివరికి మావారికి ఆఫీసులో సెలవు దొరకలేదు. అత్తయ్యా నేనూ ఇద్దరమే వెళ్ళాలని తేలింది. అప్పుడు బయటపడింది నా మనసులో గుచ్చుకున్న ముల్లు.

ఇరవై నాలుగేళ్ళ కింద, అదీ ఫాల్గుణంలోనే, పెళ్ళయి మొదటిసారి అత్తవారింటికి ఆ బండిలోనే వెళ్ళాను. మా మామయ్య సింగరేణిలో గని కార్మికుడు. కంపెనీ క్వార్టర్లో ఉండేవాళ్ళు. డోర్నకల్‌లో బండి మారాక నాకు కిటికీ పక్క సీటు దొరికింది. చిన్నప్పటి నుంచీ రైలంటే నాకు కిటికీయే. పైగా పుట్టింటిని వదిలి వస్తున్న పిల్లని. కళ్ళు తుడుచుకోవాలన్నా మొహం అటు తిప్పుకోవడానికి ఒక కిటికీ కావాలి కదా. బండి కదిలిందో లేదో, అత్తయ్య నా పక్కకి వచ్చి "ఇటు జరుగు అమ్మాయ్, కొత్త చీర మీద దుమ్ము పడుతుంది" అన్నారు. జరిగాను. ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని కొత్తగూడెం దాకా బయటికే చూస్తూ ఉండిపోయారు. నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆవిడ భుజం మీదుగా అక్కడక్కడ ఎర్రగా ఏదో మెరిసి మాయమయ్యేది. అవి మోదుగులని కూడా అప్పుడు నాకు తెలియదు.

ఇంతే. చెప్పుకుంటే ఎంత చిన్న విషయం! కానీ మనలో ఎంతమందికి ఇలాంటి చిన్న విషయం ఒకటి లోపల ఎక్కడో మడతపెట్టి ఉండదు చెప్పండి? తర్వాత ఎన్నో పెద్ద విషయాలు వచ్చాయి, పోయాయి. నా పురుళ్ళకి ఆవిడ చేసిన సేవ ఉంది, మా నాన్న పోయినప్పుడు నాతో పాటు ఏడ్చిన రాత్రి ఉంది. అయినా ఎప్పుడు మాటామాటా వచ్చినా నా మనసు పోయి ఆ కిటికీ దగ్గరే ఆగేది. మామయ్య రిటైరై క్వార్టర్ ఖాళీ చేశాక, ఆయన పోయాక, అత్తయ్య ఖమ్మంలో మా దగ్గరికి వచ్చేశారు. ఆ దారిలో మేమిద్దరం మళ్ళీ రైలెక్కలేదు.

పున్నమికి ముందు రోజు పొద్దున్నే బయలుదేరాం. పులిహోర, పెరుగన్నం, ఆవిడ మాత్రలు, రెండు నీళ్ళ సీసాలు, ఒక దుప్పటి. ఖమ్మం దాటాక డోర్నకల్ దాకా దారికి రెండు వైపులా మిర్చి కల్లాలే. కోసిన మిరపకాయలు నేల మీద పరిచి ఎండబెడుతున్నారు. ఘాటు పెట్టెలోకి వచ్చి ఇద్దరం తుమ్మాం. "ఇదీ మన ఎరుపే, అమెరికా దానికి చెప్పు" అన్నారు అత్తయ్య.

డోర్నకల్‌లో దిగి కొత్తగూడెం బండి కోసం చాలాసేపు కూర్చున్నాం. కొండల్లో రైలంటే మనవాళ్ళకి అరకు గుర్తొస్తుంది. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా వెళ్ళే ఆ మార్గంలో 58 సొరంగాలు ఉన్నాయి. అద్దాల పెట్టె కూడా తగిలించారు. మా దారికి అంత హంగు లేదు. ఇది సరదా కోసం వేసిన లైను కాదు, బొగ్గు కోసం వేసింది. భద్రాచలం వెళ్ళే యాత్రికులు ఇల్లందు దగ్గర అడవిలో పొయ్యికి రాళ్ళు పెట్టుకుంటే ఆ రాళ్ళే అంటుకుని మండాయని మా మామయ్య చెప్పేవారు. 1871లో డాక్టర్ కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త వచ్చి అక్కడ బొగ్గు ఉందని తేల్చారు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో కంపెనీకి సింగరేణి అని పేరు పెట్టారు. ఆ పేరున్న ఊరు మా దారిలో వచ్చే కారేపల్లి దగ్గరే ఉంది. ఇప్పటికీ ఆ దారిలో మనుషుల బండ్ల కన్నా బొగ్గు బండ్లకే మర్యాద ఎక్కువ. కొత్తగూడెం స్టేషన్‌కి పేరు మాత్రం 'భద్రాచలం రోడ్'. పేరు రాముడిది, పని బొగ్గుది.

బండి వచ్చింది. ఒక కిటికీ సీటు ఖాళీగా ఉంటే అలవాటు ప్రకారం అత్తయ్యని అందులో కూర్చోబెట్టి, సంచులు కాళ్ళ దగ్గర సర్ది, నేను పక్కన కూర్చున్నాను. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ కిటికీ పక్కన కూర్చోలేదని అప్పుడు గుర్తొచ్చింది. పిల్లలు చిన్నప్పుడు కిటికీ వాళ్ళది. తర్వాత ఫోన్ ఛార్జింగ్ కోసం మావారిది. డబ్బాలు విప్పేవాళ్ళూ, నీళ్ళు అందించేవాళ్ళూ మధ్యలోనే కూర్చోవాలి కదా.

కారేపల్లి వచ్చింది. ఇల్లందు వైపు లైను విడిపోయేది ఇక్కడే. బండి కదలగానే అత్తయ్య లేచి నిలబడ్డారు.

"నువ్వు ఇటు రా అమ్మాయ్."

"ఏమైంది అత్తయ్యా?"

"గాలికి కంట్లో నీళ్ళు కారుతున్నాయి. ఆ వెలుగు కూడా పడటం లేదు. అంతా మసకమసకగా ఉంది. నువ్వు కూర్చుని చూసి చెప్పు. నేను వింటా."

అలా, ఇరవై నాలుగేళ్ళ తర్వాత, అదే దారిలో నా కిటికీ నాకు తిరిగి వచ్చింది. అడక్కుండానే వచ్చింది. కానీ మనిద్దరి కోసం చూడమనే షరతు మీద.

మొదట నాకు మాటలు రాలేదు. "చెట్లున్నాయి, ఆకుల్లేవు" అన్నాను. "ఏం చెట్లు?" అన్నారు. నాకేం తెలుసు? పుస్తకాల్లో పొన్న, పొగడ, పాటలి చదువుకున్నానే కానీ ఎదురుగా ఉన్న చెట్టు పేరు తెలియదు. అందుకని ఎట్లా ఉన్నాయో చెప్పడం మొదలుపెట్టాను.

"నల్ల బెరడు. మొసలి తోలు లాగా పలకలు పలకలుగా చీలింది."

"నల్లమద్ది."

"ఒకటి పూర్తిగా తెల్లగా ఉందత్తయ్యా. సున్నం కొట్టినట్టు. ఒక్క ఆకు లేదు. రాత్రి చూస్తే భయమేసేలా ఉంది."

"తపసి చెట్టు. దానికి గాటు పెట్టి బంక తీస్తారు కోయవాళ్ళు. సంతకి తెచ్చేవాళ్ళు."

"కింద నేలంతా పెద్ద పెద్ద ఆకులు. ఇటుక పొడి రంగు. ఒక్కోటి విస్తరంత ఉంది."

"టేకు. వాటి మీద నడిస్తే అప్పడాలు విరిగిన చప్పుడు వస్తుంది."

ఆ మాటకి ఎదురు సీట్లో కాలేజీ పిల్ల నవ్వింది. తర్వాత ఆ పిల్ల కూడా ఫోను పక్కన పెట్టి మాతో కలిసింది.

అప్పుడు ఒక మలుపు తిరిగింది బండి. మోదుగులు వచ్చాయి. ఒకటో రెండో కాదు, గుట్ట వాలు మొత్తం. మోడులైన అడవిలో ఆ చెట్లకి మాత్రమే కొమ్మ కొమ్మకీ నిప్పంటుకుంది. ఆకు పేరుకి కూడా లేదు. చిలక ముక్కులా వంపు తిరిగిన పూలు, నల్లటి మఖమల్ తొడిమలు. మైనాలు వాటిలో తలలు దూర్చి తాగుతున్నాయి. నేను చెప్పడం ఆపేశాను. చెప్పకుండానే అత్తయ్యకి తెలిసింది. ఆ ఎరుపు మసక కంటికి కూడా అందినట్టుంది, నా భుజం మీదుగా వంగి "వచ్చినయా" అన్నారు.

నా భుజం మీదుగా. నాకు చటుక్కున ఆ రోజు గుర్తొచ్చి, ఆపుకోలేక అడిగేశాను.

"అత్తయ్యా, నా పెళ్ళయి వచ్చేటప్పుడు, ఇదే బండిలో, నన్ను కిటికీ దగ్గర నుంచి జరగమన్నారు మీరు. గుర్తుందా?"

"నేనా? ఎప్పుడు?"

చెప్పాను. చీర రంగుతో సహా చెప్పాను. ఆవిడ చాలాసేపు ఆలోచించారు. గుర్తు రాలేదు. నటించడం కాదు, నిజంగానే గుర్తులేదు. ఇరవై నాలుగేళ్ళుగా నేను మోసిన మూటలో ఆవిడ వాటా ఏమీ లేదు. మోసిందంతా నేనొక్కదాన్నే.

కాసేపటికి ఆవిడే అన్నారు. "ఆ రోజు మీ మామయ్య బండిలో లేడు కదా? ఇంటి దగ్గర ఏర్పాట్లు చూడాలని ముందే పోయిండు."

"అవును."

"మరి అందుకేనేమో. ఎప్పుడు రైలెక్కినా కిటికీ ఆయనదే. వారమంతా భూమి లోపల చీకట్లో పని చేసే మనిషి. బయటికి వస్తే వెలుతురు కావాలని మారాం చేసేవాడు, చిన్న పిల్లాడి లెక్క. నేనెట్లా అడుగుతా? ఆ రోజు ఆయన లేకపోతే కిటికీ ఖాళీగా కనపడి ఉంటది నాకు." తర్వాత గొంతు తగ్గించి, "నువ్వు ఏడుస్తున్నవని నేను చూసుకోలే అమ్మాయ్" అన్నారు.

అది క్షమాపణో కాదో నాకు తెలియదు. నాకు సరిపోయింది.

అక్కడితో ఆగలేదు నా ఆలోచన. ఆవిడ ఖమ్మం వచ్చినప్పటి నుంచి మా కారులో ముందు సీటు ఎప్పుడూ నాదే. ఆవిడ వెనక, సంచుల పక్కన. 'వెనక కూర్చుంటే నాకేం కనపడదు' అన్న మాట అప్పుడు నిజంగా చెవిన పడింది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా "ముందు కూర్చోండి అత్తయ్యా" అని నేను అనలేదు. కావాలని కాదు. తోచలేదు, అంతే. ఆవిడకీ ఆ రోజు అంతే అయి ఉంటుంది.

మధ్యలో ఒక చోట బొగ్గు బండికి దారివ్వడానికి మమ్మల్ని ఆపేశారు. ఇంజన్ చప్పుడు తగ్గగానే అడవి వినపడింది. టేకు ఆకులు ఒక్కొక్కటే కొమ్మలకి తగులుతూ కిందికి దిగుతున్నాయి. ఎదురు సీటు పిల్ల బోటనీ చదువుతోందట, తనే చెప్పింది. చలి దేశాల్లో పగలు తగ్గి చలి ముదిరేసరికి చెట్టు పచ్చదనం తయారుచేయడం ఆపేస్తుంది. దాని కింద దాగి ఉన్న పసుపు బయటపడుతుంది. మేపుల్ లాంటివి ఎరుపుని ఆ రోజుల్లోనే కొత్తగా తయారుచేసుకుంటాయి. మనకి చలి బాధ కాదు, నీళ్ళ బాధ. వానలు ఆగాక నేల ఆరిపోతుంది. ఆకు ఎంత పెద్దదైతే అంత నీటిని గాల్లోకి వదిలేస్తుంది. అందుకని ఎండలు ముదరక ముందే చెట్టు ఆకుల్ని వదిలేసి, ఉన్న తడిని దాచుకుంటుంది. మోదుగైతే కొత్త ఆకు కన్నా ముందు పువ్వే పూస్తుంది. అడ్డం లేని కొమ్మ మీద ఆ ఎరుపు పక్షులకి దూరం నుంచే కనపడుతుంది.

"ఖర్చు తగ్గించుకుంటదన్న మాట" అన్నారు అత్తయ్య. జీతం రోజు దాకా బియ్యం సర్దిన మనిషికి బోటనీ అలాగే అర్థమవుతుంది. నాకూ అలాగే అయింది.

ఒక మాట దాచకుండా చెప్పాలి. దారంతా అడవే అనుకోకండి. మోదుగుల గుట్ట దాటాక చాలా దూరం జామాయిల్ తోటలు, పత్తి చేలు, పోడు కొట్టిన పొలాలు. జామాయిల్ చెట్లు ఏ కాలంలోనూ మోడు కావు, ఒకే పచ్చ, వరసలు వరసలుగా. "ఇప్పుడేమున్నాయి?" అని అడిగితే నేను "జామాయిల్" అంటున్నాను. మూడోసారికి ఆవిడ అడగడం మానేశారు. "ఇక్కడ ఇప్పపూలు ఏరేవాళ్ళు, తెల్లారగట్ల" అని మాత్రం అన్నారు.

కొత్తగూడెంలో దిగాక ఆటోలో పాత క్వార్టర్ వైపు వెళ్దామా అని అడిగాను. వద్దన్నారు. వేరేవాళ్ళు ఉంటారు, ఎందుకు అన్నారు. పాల్వంచ మీదుగా బస్సెక్కాం. బస్సులో ఆవిడే కిటికీ పక్కన కూర్చున్నారు, అద్దం మూసి. సారపాక దాటి గోదావరి వంతెన ఎక్కేసరికి చీకటి పడుతోంది. ఇసుక మధ్య నీళ్ళు సన్నగా పారుతున్నాయి.

మర్నాడు పున్నమి. గుడి దగ్గర రోళ్ళు, రోకళ్ళు, పసుపు కొమ్ములు, పాటలు. వందల మంది ఆడవాళ్ళు. భద్రాద్రి తలంబ్రాలు ఎర్రగా ఉంటాయని మీకు తెలుసు కదా, పసుపు బియ్యంలో గులాల్ కలుపుతారు. అత్తయ్య మోచేతుల దాకా బియ్యంలో పెట్టి కలిపారు. పక్కనున్నావిడ ఎవరో తెలియకపోయినా ఇద్దరూ ఒకే పాట అందుకున్నారు. ఆ ఎర్రటి చేతుల్ని ఫొటో తీసి మా అమ్మాయికి పంపాను.

"ఇదేనా మీ ఆటమ్? రైల్లోంచి వీడియో ఏదమ్మా?" అని అడిగింది రాత్రి ఫోన్లో.

తీయలేదు. ఫోను సంచిలోనే ఉండిపోయింది. చెప్పడంతోనే సరిపోయింది నాకు.

మీరు కూడా చూడాలనుకుంటే, శివరాత్రికీ హోలీకీ మధ్య వెళ్ళండి. పగటి బండే ఎక్కండి. అద్దాల పెట్టె ఉండదు, టిఫిను దొరకదు, బొగ్గు బండి కోసం ఎంతసేపు ఆపుతారో చెప్పలేం. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే తీసుకెళ్ళండి. చెట్ల పేర్లు వాళ్ళకే తెలుసు.

ఎండలు తగ్గాక అత్తయ్యకి రెండో కంటి ఆపరేషన్ చేయిద్దామని అనుకున్నాం. "అప్పుడు వచ్చే ఫాల్గుణానికి కిటికీ నాదే" అన్నారు. నేను ఒప్పుకోలేదు. బేరం ఆడితే, డోర్నకల్ నుంచి కారేపల్లి దాకా ఆవిడ, అక్కడి నుంచి నేను అని తేలింది. మోదుగులన్నీ కారేపల్లి దాటాకే వస్తాయని ఇంటికి వచ్చిన రెండు రోజులకి ఆవిడకి గుర్తొచ్చింది. బేరం మళ్ళీ మొదలైంది.